తాబేలుకి సూడిదలు

జనవరి 21, బుధవారం

బోర్డులు ఎక్కాయి. బీచ్ రోడ్డు పొడుగునా కొన్ని, ఫిషింగ్ హార్బర్ గేటు దగ్గర ఒకటి, గాజువాకలో ఒకటి, మా ఉక్కునగరం గేటు ఎదురుగా ఒకటి. ఇంటికొస్తూ ఏమీ ఎరగనట్టు బస్సు కిటికీలోంచి చూశాను. పక్క సీటావిడ పైకే చదివింది: "మన ఆడపిల్ల పురిటికొచ్చింది. కాస్త దారివ్వండి." బొమ్మలో ఇసక మీద పాకుతున్న తాబేలు. ఆవిడ నవ్వి, "నిజమే పాపం" అంది. ఆ "పాపం" అనిపించడానికి నేను ఎంత తంటాలు పడ్డానో ఆవిడకేం తెలుసు!

కిందటేడు మా బోర్డు మీద ఉన్నది, "అంతరించిపోతున్న ఆలివ్ రిడ్లే జాతిని సంరక్షించుకుందాం." అది గురునాథరావు గారి వాక్యం. అటవీ శాఖలో రిటైరై మా 'మన తీరం' ట్రస్టు నడుపుతున్న పెద్దమనిషి. తాబేళ్ళ గురించి ఆయనకి తెలియనిది లేదు, జనం గురించి తెలిసింది లేదు. అందుకే మధురవాడలో ఫ్లాట్లు అమ్ముకుంటున్న నన్ను పిలిచి ప్రచారం అప్పగించారు. నాలాల పక్కన ఫ్లాట్లని 'లేక్ వ్యూ' అని అమ్మినదాన్ని, ఒక తాబేలుని అమ్మలేనా అనుకుని చేరాను.

ఐడియా మాత్రం ఇంట్లోనే దొరికింది. ఆడపడుచు పుష్ప పురిటికి వచ్చి ఉంది కదా. మా అత్తయ్య దాన్ని కూర్చోబెట్టి తినిపిస్తుంటే చూస్తూ అనుకున్నాను, తాబేలు చేసేదీ ఇదే కదా అని. తను పుట్టిన తీరాన్నే వెతుక్కుంటూ అంత సముద్రం ఈదుకుని వచ్చి గుడ్లు పెడుతుంది. అంతకన్నా ఆడపిల్ల ఎవరుంటారు?

శంకర్ బి షిఫ్టుకి బయల్దేరుతూ, "ఏటి బిందూ, దాని అత్తారోళ్ళకి కూడా కబురెడతావేటి?" అన్నాడు. నవ్వనీ. మొగుళ్ళు నవ్విన బోర్డులే నిలబడతాయి.

జనవరి 24, శనివారం

తెల్లారకముందే హార్బర్‌కి వెళ్ళాను. బోట్లు వచ్చి వేలం నడుస్తోంది, ఐసు మీద ఐసు పడుతోంది, నన్ను పట్టించుకునేవాళ్ళు లేరు. పాంప్లెట్లు పట్టుకుని నిలబడ్డాను. చేపలమ్మే ఆడవాళ్ళకి పెద్ద దిక్కయిన చిట్టెమ్మ, తట్ట దింపి నా ముందుకొచ్చింది.

"ఏటమ్మా, ఆడపిల్ల పురిటికొచ్చిందని ఊరంతా బోర్డులెట్టీసేవు. మరి సూడిదలెవులు ఎడతారు? మీ ఆఫీసోళ్ళా?"

కడుపుతో ఉన్న ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు చలిమిడీ గాజులూ చీరా పెట్టే ముచ్చట సూడిదలు. అది నా బుర్రకి తట్టనే లేదు.

"పుట్టినిల్లు మాది. మాం ఎడతాం. వచ్చే మాఘ పున్నానికి," అని తనే తేల్చేసింది.

ఆటోలో కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇలాంటి మాట డబ్బిచ్చినా ఏ ఏజెన్సీ వాడూ రాసిపెట్టలేడు.

జనవరి 25, ఆదివారం

చిట్టెమ్మ మాట మార్చదు కదా?

ఫిబ్రవరి 2, సోమవారం

నిన్నటి సంగతి రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. సంతోషంగా ఉంది. అంతే రాసి పడుకోవచ్చు కానీ పడుకోబుద్ధి కావడం లేదు.

పున్నమి సాయంత్రం, జోడుగుళ్ళపాలెం దాటాక ఇసకలోకి ముందు డప్పులు వచ్చాయి. వెనక చిట్టెమ్మ వాళ్ళ జాలర్ల పేట ఆడవాళ్ళు, పట్టుచీరల్లో, చేతుల్లో ఇత్తడి పళ్ళేలు. చలిమిడి ముద్దలు, అరిటిపళ్ళు, ఆకుపచ్చ గాజులు, పసుపు కుంకుమ. చిట్టెమ్మ అందరికన్నా ముందు, పెళ్ళివారి పెత్తనంతో. నీళ్ళ అంచున పళ్ళేలు దించి, కర్పూరం వెలిగించి, సముద్రానికి ఎదురుగా నిలబడి పిలిచింది: "రాయే తల్లీ, బేగి రా. నీ పుట్టింటోళ్ళం వచ్చేం. ఎవులూ ఏటీ అనరు, వచ్చి పురుడోసుకో."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను రాసిన బోర్డుకి నేనే ఏడవడం ఏమిటని నవ్వు కూడా వచ్చింది.

బీచ్ రోడ్డు మీద పోయేవాళ్ళందరూ ఆగారు. కార్లు ఆగాయి. ఎవరో తల్లి తన కూతురి చేత ఒక గాజు వేయించింది. టీవీ వాళ్ళు వచ్చారు. గురునాథరావు గారు దూరంగా నిలబడి, "హిమబిందు గారూ, నేను ముప్పయ్యేళ్ళు అరిచినా ఇందులో పదోవంతు జనం రాలేదండీ" అన్నారు. ఆయన ఎవర్నీ మెచ్చుకోరు. ఇంటికొచ్చి శంకర్‌కి ఆ మాట రెండుసార్లు చెప్పాను. "ఇందాకే సెప్పేవు" అన్నాడు. మళ్ళీ చెప్పాను.

ఫిబ్రవరి 5, గురువారం

రోజూ సాయంత్రం జనం వస్తున్నారు. పేటవాళ్ళే కాదు, సీతమ్మధార నుంచీ గోపాలపట్నం నుంచీ. ఎవరి చలిమిడి వాళ్ళు చేసుకుని తెస్తున్నారు. ముంత మసాలా బండ్లు వరసగా దిగాయి. నేను వెళ్ళి ఊరికే నిలబడి చూస్తాను. జనం కోసం కాదు, తాబేళ్ళ కోసమే.

వన్ టౌన్‌లోని నగల షాపు వాళ్ళు ఫోన్ చేశారు. ఇరవై రెండో తారీకు ఆదివారం మా పేరుతో పెద్ద ఎత్తున సూడిదల పండగ చేద్దాం, స్టేజీ, లైట్లు, పాటకచేరీ అన్నీ వాళ్ళవే అన్నారు. తాబేలమ్మకి బంగారు ముక్కుపుడక కూడా పెడతారట. తాబేలుకి ముక్కుపుడక ఎక్కడ పెడతారని అడిగితే, "బొమ్మకండీ" అన్నాడు మేనేజరు, నేను తెలివితక్కువదాన్నన్నట్టు.

ఒప్పుకున్నాను. ఒప్పుకోక?

ఫిబ్రవరి 7, శనివారం

నాగవంశీ ఫోటోలు పంపించాడు. రేపు చూస్తాను.

ఫిబ్రవరి 9, సోమవారం

నాగవంశీ మా బయాలజిస్టు. తెల్లవారుజామునే తీరం వెంట నడిచి, రాత్రి తాబేళ్ళు ఎక్కిన చోటు చూసి, గుడ్లు తీసి కంచె వేసిన చోటికి మారుస్తాడు. ఇవాళ ఆఫీసుకొచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డాడు. ఈ వారంలో జోడుగుళ్ళపాలెం వైపు వచ్చినవన్నీ తిరుగుజాడలేనట, పంపిన ఫోటోలూ వాటివేనట. అంటే తాబేలు ఇసక ఎక్కి, గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోయిన జాడలు.

గాలి మారి ఉంటుంది అన్నాను.

"గాలి కాదు మేడమ్" అన్నాడు. కుర్రాడికి ప్రచారం అంటే కొంచెం చిన్నచూపు. నేను పట్టించుకోను.

ఫిబ్రవరి 10, మంగళవారం

పుష్పకి ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. అత్తయ్య హాస్పిటల్లో నర్సులందర్నీ హడలగొడుతోంది.

ఫిబ్రవరి 11, బుధవారం

పొద్దున్నే నాగవంశీతో నడిచాను. గాలి మూలానే అని తేల్చేసి రావాలని వెళ్ళాను, అబద్ధమెందుకు.

జాడ ట్రాక్టరు చక్రం నడిచినట్టుంది. నీళ్ళలోంచి నేరుగా పైకి వచ్చింది. ముందురోజు జనం కూర్చున్న చోటికి వచ్చేసరికి ఆగింది. అక్కడ కాగితం ప్లేట్లు, కర్పూరం మసి, విరిగిన గాజులు. అక్కడి నుంచి గుండ్రంగా తిరిగి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. జాడకి ఎదురుగా రోడ్డు మీద నా బోర్డు, తెల్లారినా లైట్లు వెలుగుతూ: "కాస్త దారివ్వండి." రాత్రంతా ఆ లైట్లన్నీ సముద్రం కేసి. చీకటి ఉంటే తప్ప గట్టెక్కని జీవి ముందు నేనే లైట్లు పెట్టించి, దారివ్వమని రాయించాను.

ఇంకొంచెం ముందుకు వెళ్తే కుక్కలు. చలిమిడికి మరిగాయి, ఇప్పుడు ఇసక అంతా వాటిదే. ఈ వారంలో పెట్టిన ఒకే ఒక్క గూడుని నాగవంశీ కన్నా ముందు అవి చూసుకున్నాయి. తోడేసిన గుంట చుట్టూ గుడ్ల పెంకులు, నలిగిన కాగితాల్లా.

"అది మళ్ళీ రాదా?" అని అడిగాను.

"వస్తాది మేడమ్. ఒకపాలి కాదు, రెండుపాల్లు సూస్తాది. ఎక్కడా కుదరకపోతే గుడ్లు నీట్లోనే ఒగ్గీస్తాది. అవి బతకవు."

తిడితే బావుండేది. తిట్టలేదు. నాకు చాలా దుఃఖం వచ్చింది. పురిటికి పిలిచి, గుమ్మంలోనే తరిమేశాం. పిలిచింది నేను.

ఫిబ్రవరి 12, గురువారం

గురునాథరావు గారు అంతా విని, పోలీసుల్ని పెట్టిద్దామా అన్నారు. సూడిదలు తెచ్చిన ఆడవాళ్ళ మీదకి పోలీసులా? వద్దన్నాను. "అయితే జనాన్ని తెచ్చింది మీరు. పంపించడం కూడా మీరే చూడండి" అన్నారు. కోపంగా కాదు. ఆయన పద్ధతే అంత.

దయచేసి తీరానికి రావద్దు అని ఒక పోస్టరు రాశాను. శంకర్ చూసి, "రావొద్దంటే రానివోడు కూడా వస్తాడు. మా బ్లాస్ట్ ఫర్నేస్ కాడ డేంజర్ బోర్డు ముందే అందరూ సెల్ఫీ తీసుకుంతారు" అన్నాడు. చింపేశాను.

సాయంత్రం చిట్టెమ్మ దగ్గరికి వెళ్ళాను. సూడిదలు ఆపేద్దామని మెల్లగానే చెప్పాను. మొహం ఎర్రబడింది.

"ఆడపిల్లన్నది నువ్వే. ఇప్పుడు వద్దనేది నువ్వేనా? సగంలో ఆపీమంటావేటి? కీడు జరిగితే ఎవులు కాసుకుంతారు?"

"కుక్కలు గుడ్లు తినేస్తున్నాయి చిట్టెమ్మక్కా."

"కుక్కల్ని మాం పెంచేమేటి? మా పిల్లా గుంటా టీవీలో పడ్డానికి రానేదమ్మా మాం. మనసులో అనుకుని వచ్చేం." తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? నేను ఏది రాస్తే అది నమ్మింది. నమ్మించడమే నా ఉద్యోగం. నమ్మినవాళ్ళని వెనక్కి పంపడం ఎక్కడా నేర్చుకోలేదు.

ఫిబ్రవరి 14, శనివారం

పుష్పనీ పిల్లనీ ఇంటికి తెచ్చారు. నేను ఆఫీసు నుంచి కేకు కొనుక్కుని, పక్క క్వార్టర్ల ఆడవాళ్ళతో కలిసి, ఫోన్ కెమెరా సిద్ధంగా పట్టుకుని గదిలోకి జొరబడబోయాను. అత్తయ్య గుమ్మంలో అడ్డంగా నిలబడింది. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. కిటికీకి పాత చీర.

"ఏటా గుంపు? నడండి బయటికి. ఆ లైటార్పీండి. పసిగుంటకి జడుపు తగిలితే ఎవులు పడతారు? పురుడు తీరేదాకా ఈ గుమ్మం ఎవులూ తొక్కడానికి నేదు."

వచ్చిన ఆడవాళ్ళందరూ గొంతు తగ్గించేసి, చెప్పులు కూడా చప్పుడు కాకుండా వేసుకుని, వరండాలోంచే వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకావిడ మా కాలనీ మొత్తానికి పెద్ద గయ్యాళి. ఆవిడ కూడా గుసగుసగానే, "మరే, పురిటిగది కదా" అంది.

నేను కేకు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో ఏమో, అత్తయ్య వచ్చి, "నీకు వేరేగా సెప్పాలా?" అంది.

వద్దు అత్తయ్యా. అర్థమైంది.

ఫిబ్రవరి 15, ఆదివారం

శివరాత్రి. జాగారం చేస్తున్నాను, భక్తితో కాదు. రేపు చిట్టెమ్మతో ఏం మాట్లాడాలో అనుకుంటూ.

ఫిబ్రవరి 16, సోమవారం

అనుకున్నవేవీ మాట్లాడలేదు. వేలం అయ్యేదాకా చిట్టెమ్మ నా వైపు చూడలేదు. చివరికి ఒక్కటే అన్నాను.

"చిట్టెమ్మక్కా, సూడిదలు అయిపోయాయి. ఆడపిల్ల పురిటిగదిలోకి వెళ్ళింది. ఇంకా డప్పులేమిటి మనకి?"

చేపలు సర్దుతున్న చెయ్యి ఆగింది. నా మొహం కేసి చూసింది. నేను ఆ ఇసకంతా పురిటిగదే అన్నాను. లైటు పడకూడదు, చప్పుడు కాకూడదు, జనం దిగకూడదు అన్నాను.

"మైల నాడు సలిమిడేటి?" అంది, నా తప్పే అన్నట్టు. "ఈ మాట మొన్ననే సెప్పొచ్చు కదా! గుంటల్ని ఏసుకుని రోజూ ఎల్తన్నాం. అది బెదిరిపోదేటి?" పక్కనున్న ఆడవాళ్ళని కేకేసింది. "ఓలమ్మా, ఇటు రండే. లోపల పురుడు జరగతంటే మనం బయట డప్పులు కొడతన్నాం!"

మధ్యాహ్నానికి వేపకొమ్మలు విరిచారు. రోడ్డు నుంచి ఇసకలోకి దిగే ప్రతి సందుకీ తాడు కట్టి, తాడుకి మండలు కట్టారు. ముంత మసాలా బండ్లవాళ్ళతో చిట్టెమ్మే మాట్లాడింది. ఏం మాట్లాడిందో తెలియదు, బండ్లు ఆర్కే బీచ్ వైపు వెళ్ళిపోయాయి. కార్పొరేషన్ కుక్కల బండికి గురునాథరావు గారు ఫోన్ చేశారు. నా బోర్డుల లైట్లు నేనే పీకించాను. కొత్త అక్షరాలు: "పురిటిగది. నెమ్మది."

ఫిబ్రవరి 18, బుధవారం

నగల షాపు మేనేజరుకి సంగతి చెప్పాను. ఆదివారం పండగ ఉండదు, ఆ రోజు ఎవరూ రాకపోవడమే మన కార్యక్రమం అన్నాను. "జనం రాని ప్రోగ్రాంకి మా బ్యానరు ఎవరు చూస్తారండీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నేనయినా అదే అడుగుదును.

షాపు వాళ్ళు తప్పుకున్నారు. స్టేజీ పోయింది, ముక్కుపుడక పోయింది. నాకేం బాధ లేదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

నాకేం బాధ లేదు. స్టేజీ డిజైను మాత్రం చాలా బావుంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

పండగ అని టీవీల్లో ముందే చెప్పేశాం కదా, వద్దని ఎంత చెప్పినా ఇవాళ జనం వస్తారని నాకు గట్టి నమ్మకం. వాళ్ళు దిగితే ఈ ఏటికి అంతే. సీజనులో మంచి రోజులివి. పొద్దు వాలకముందే వెళ్ళి రోడ్డు పక్క గోడ మీద కూర్చున్నాను.

వచ్చారు. కార్లు, బైకులు, మనుమలతో తాతలు, చలిమిడి డబ్బాలు. ప్రతి సందు దగ్గరా పేట ఆడమనిషి ఒకతె బోర్లించిన తట్ట మీద కూర్చుని ఉంది. ఎవరైనా తాడు దగ్గరికి వస్తే నోటి మీద వేలు పెట్టి, వేపమండల్ని చూపిస్తుంది. అంతే. ఇంకేమీ చెప్పడం లేదు. వచ్చినవాళ్ళు మండల్ని చూడగానే ఆగిపోతున్నారు. ఒకాయన పెద్ద బండి హారను కొట్టబోతే పక్కన కూర్చున్న భార్య చెయ్యి పట్టుకుంది. ఒక పిల్లాడు ఏడుపు అందుకుంటే వాళ్ళ నాయనమ్మ ఎత్తుకుని రోడ్డు అవతలికి తీసుకుపోయింది. డబ్బాలు తెచ్చినవాళ్ళు గోడ మీదే కూర్చుని, చలిమిడి వాళ్ళే తినేసి, నాకూ ఒక ముద్ద పెట్టి వెళ్ళారు. బావుంది. ఏలకులు వేశారు.

నా ఎరుకలో బీచ్ రోడ్డు మీద జనం గుసగుసలాడటం ఇదే మొదటిసారి.

చీకటి పడుతుంటే ఇసక మొత్తం ఖాళీ. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన ఒక్క కార్యక్రమానికీ ఇలా ఎవరూ రాకుండా లేరు. కొంచెం వెలితిగానే అనిపించింది. కానీ లోపల చాలా సంతోషం. రెండూ ఒకేసారి ఉండొచ్చని తెలియదు నాకు.

ఫిబ్రవరి 23, సోమవారం

తెల్లారుతుండగా నాగవంశీ ఫోన్. "మేడమ్, పెట్టింది. ఒకటి కాదు. నిన్న రేతిరి ఎక్కినవన్నీ పెట్టినాయి. ఒక్క తిరుగుజాడ నేదు." శంకర్ సి షిఫ్టు ముగించుకుని వచ్చి ఇంకా చొక్కా విప్పలేదు, అలాగే బండి తీయించాను.

రోడ్డు పక్క బండి దిగి దాదాపు పరిగెత్తాను. తాడు ఎత్తి లోపలికి వంగబోతుంటే ఎవరో చెయ్యి పట్టుకుని ఆపారు. ఎప్పుడూ చూడని ముసలమ్మ. పేటలోదే అయ్యుంటుంది, ఇన్నాళ్ళూ నా కంటపడలేదు.

"ఎక్కడికి? కళ్ళు కనపడవేటి? యాపమండలు కట్టేరు. లోపల పురుడు."

నేనెవరో చెబుదామని నోరు తెరిచాను. శంకర్ వెనక నుంచి, "మామ్మా, ఈ అమ్మే..." అనబోయాడు. శంకర్ కాలు తొక్కాను.

"ఎవరికి పురుడు మామ్మా?" అని అడిగాను.

ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఈ ఊరిదానివి కాదా? తాబేలుకి. అది పురిటికొస్తే ఇసకలోకి ఎవులూ దిగరు. లైటెయ్యరు. గట్టిగా మాటాడరు. మా తాతల కాణ్నుంచి ఇదే ఆచారం."

"ఎవరు పెట్టారు మామ్మా ఈ ఆచారం?"

"ఎవులో ఎట్టేదేటి? ఆచారమంటే ఉంతాది." ఇలాంటి తెలివితక్కువ ప్రశ్న ఎవరడుగుతారన్నట్టు తల తిప్పేసుకుంది. మళ్ళీ నా కాళ్ళ వైపు చూసి, "ఆ సెప్పులు ఇప్పుకుని నడు. సప్పుడవతంది" అంది.

"అలాగే మామ్మా. నాకు తెలీదు" అన్నాను.

గూడు చూడలేదు. ఒక్క జాడయినా చూడలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, ఆవిడ చెప్పినట్టే, చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను.